సముద్రం లేని రేవుపట్నం: హాంబర్గ్ కథలోని చిక్కుముడులు

జర్మనీలోని హాంబర్గ్ నగరం ఏటా మే నెల మొదట్లో తన ఓడరేవు పుట్టినరోజును అట్టహాసంగా జరుపుకుంటుంది. 1189 మే 7న ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి ఈ ఊరి ఓడలకు ఎల్బె నది మీద సముద్రం దాకా సుంకాలు కట్టకుండా తిరిగే హక్కును ప్రసాదించాడని చెప్పే ఒక పత్రమే ఆ వేడుకకు ఆధారం. చిక్కేమిటంటే, ఆ పత్రం నకిలీది. చక్రవర్తి చనిపోయిన కొన్ని దశాబ్దాల తరువాత, 13వ శతాబ్దంలో, తమ హక్కులను ప్రశ్నించేవారికి చూపించడానికి ఊరివాళ్లే దానిని పుట్టించారని చరిత్రకారులు తేల్చారు. దొంగ దస్తావేజు తేదీనే పుట్టినరోజుగా ఎంచుకుని, ఆ సంగతి తెలిసి కూడా ఏమాత్రం బిడియపడకుండా లక్షలాది మందితో పండుగ చేసుకునే నగరం మరొకటి ఉందో లేదో కాని, హాంబర్గ్ స్వభావాన్ని గ్రహించడానికి ఇంతకంటె మంచి ప్రవేశద్వారం దొరకదు.

సుమారు 19 లక్షల జనాభాతో బెర్లిన్ తరువాత జర్మనీలో రెండవ పెద్ద నగరమైన హాంబర్గ్, దేశంలో అతిపెద్ద ఓడరేవు కూడా. అయితే అది సముద్రపు ఒడ్డున లేదు. ఉత్తర సముద్రం అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. పైగా ఆ నగరం ఏ రాష్ట్రానికీ రాజధాని కాదు, తానే ఒక రాష్ట్రం. 'స్వేచ్ఛాయుత హాన్సియాటిక్ నగరం' అన్నది ఈనాటికీ దాని అధికారిక నామం. సముద్రానికి దూరంగా ఉన్న రేవు, ఊరంత రాష్ట్రం అనే ఈ రెండు వింతలూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. నదిని ఎంత మేరకు నమ్మవచ్చు, ఎంత మేరకు ఖర్చు తగ్గించుకోవచ్చు అని వర్తకులు వేసుకున్న లెక్కలే ఇక్కడ ప్రభుత్వ విధానాలయ్యాయి. ఆ లెక్కలు సరిపోయినప్పుడు నగరం వెలిగింది, తప్పినప్పుడు వేలమంది చనిపోయారు.

ముందుగా స్థలం సంగతి చూద్దాం. 9వ శతాబ్దంలో ఇక్కడ 'హమ్మాబుర్గ్' అనే చిన్న కోట ఉండేది. 845లో వైకింగులు దానిని దోచి తగలబెట్టారు. అయినా ఊరు మళ్లీ అక్కడే మొలకెత్తడానికి కారణం నేల తీరు. ఎల్బె నదికి ఇరువైపులా మైళ్లకొద్దీ బురదనేలలు పరుచుకుని ఉండగా, ఇక్కడ మాత్రం గట్టి మెట్ట నది అంచు దాకా వస్తుంది. ఆల్స్టర్ అనే చిన్న నది ఇక్కడే ఎల్బెలో కలుస్తుంది. సముద్రపు పోటు కూడా ఇక్కడి దాకా ఎగదన్నుతుంది కనుక, తెరచాపల కాలంలో ఓడలు పోటుతో పాటు పైకి వచ్చి, పాటుతో పాటు దిగువకు వెళ్లేవి. తుపానులకు, సముద్రపు దొంగలకు కొంత దూరంగా ఉండడం ఒక లాభమైతే, సరుకును పడవల మీద మాగ్డెబర్గ్, డ్రెస్డెన్ మీదుగా నేటి చెక్ దేశంలోని బొహీమియా దాకా చేర్చగలగడం అంతకంటె పెద్ద లాభం. బండి ప్రయాణం కంటె నీటి ప్రయాణం ఎన్నో రెట్లు చవకైన ఆ రోజుల్లో, ఓడ ఎంత లోపలికి రాగలిగితే వర్తకుడికి అంత మిగులు. ఈ సంబంధం ఎంత బలమైనదంటే, మొదటి ప్రపంచయుద్ధం తరువాత వెర్సాయ్ ఒప్పందం ప్రకారం హాంబర్గ్ రేవులో కొంత భాగాన్ని చెకొస్లొవేకియాకు 99 ఏళ్ల కౌలుకు ఇవ్వవలసి వచ్చింది. సముద్రమే లేని చెక్ దేశానికి ఆ కౌలు 2028 వరకు ఉంది.

'హాన్సా' అనే మాట గురించి కూడా కొంత వివరణ అవసరం. అది రాజ్యం కాదు, సైన్యమున్న సమాఖ్య అంతకన్నా కాదు. బాల్టిక్, ఉత్తర సముద్రాల తీరాల్లోని వర్తక పట్టణాలు తమ వ్యాపార హక్కులను కాపాడుకోవడానికి అల్లుకున్న వదులైన కూటమి అది. 1241లో హాంబర్గ్, ల్యూబెక్ పట్టణాలు తమ మధ్యనున్న దారిని ఉమ్మడిగా కాపాడుకోవడానికి ఒప్పందం చేసుకున్నాయి. ల్యూబెక్ బాల్టిక్ వైపు వాకిలి, హాంబర్గ్ ఉత్తర సముద్రం వైపు వాకిలి. డెన్మార్క్‌ను చుట్టి వచ్చే ప్రమాదకరమైన సముద్రమార్గాన్ని తప్పించుకుని సరుకు ఈ రెండు ఊళ్ల మధ్య నేల మీదుగా దాటేది. దగ్గరలోని ల్యూనెబర్గ్ పట్టణపు ఉప్పు లేనిదే బాల్టిక్ హెర్రింగ్ చేప నిలవ ఉండదు, మాంసం తినకూడని ఉపవాస దినాలలో చేప లేనిదే ఐరోపా క్రైస్తవులకు గడవదు. ఇక హాంబర్గ్ సొంత సరుకు బీరు. 14వ శతాబ్దంలో ఇక్కడ వందలాది బీరు కార్ఖానాలు నడిచేవి, ఆ పీపాలు ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లేవి.

హాన్సా 17వ శతాబ్దంలో చల్లారిపోయినా దాని బుద్ధి ఇక్కడ మిగిలిపోయింది. హాంబర్గ్‌కు రాజు లేడు, రాజసభ లేదు. సెనేట్ అనే పాలకమండలిలో వర్తకులు, వారి న్యాయవాదులు కూర్చునేవారు. 1558లో వర్తకుల బజారు, 1619లో ఆమ్‌స్టర్‌డామ్ నమూనాలో బ్యాంకు, 1665లో వర్తకుల సంఘం ఏర్పడ్డాయి. నేటికీ నగర పాలక భవనం, వర్తక భవనం వీపులు ఆనించుకుని ఒకే ఆవరణను పంచుకుంటాయి. ఎంత గొప్ప అతిథి వచ్చినా మేయర్ మెట్లు దిగి ఎదురు వెళ్లకుండా మెట్ల పైభాగాననే నిలబడి స్వాగతం చెప్పడం పాత ఆచారం. సెనేటర్లు రాజుల నుంచి బిరుదులు, పతకాలు పుచ్చుకోకూడదన్నది మరొక కట్టుబాటు. జర్మనీ ఛాన్సలర్‌గా పనిచేసిన హెల్ముట్ ష్మిట్, ఈ హాన్సియాటిక్ సంప్రదాయాన్నే కారణంగా చూపించి తన దేశపు అత్యున్నత పురస్కారాన్ని తిరస్కరించాడు. మరో పక్క, ఈ వర్తకులకు జనం పెట్టిన ఎగతాళి పేరు 'మిరియాల బస్తాలు'. మన తీరాల నుంచి వెళ్లిన సుగంధద్రవ్యాల మీద బలిసినవాళ్లు అని అర్థం.

మిరియాల బస్తాలకు సంగీతం మీద మాత్రం మోజు ఉండేది. మిగతా జర్మన్ ప్రాంతాల్లో ఒపేరా రాజభవనాల వినోదంగా ఉన్న కాలంలో, 1678లో, హాంబర్గ్‌లో టికెట్టు కొన్నవారెవరైనా చూడగలిగే ఒపేరాశాల తెరుచుకుంది. తరువాత గొప్ప స్వరకర్తగా పేరొందిన హాండెల్ యువకుడిగా అక్కడ వాయిద్యకారుడిగా చేరి తన తొలి ఒపేరాలను ఆ వేదిక మీదే ప్రదర్శించాడు. టెలెమాన్ 1721 నుంచి 1767లో చనిపోయేవరకు నగర సంగీత పర్యవేక్షకుడిగా ఉన్నాడు. మరో స్వరకర్త బ్రామ్స్ ఇక్కడి పేదవాడలోనే 1833లో పుట్టాడు.

వర్తకుల లెక్క ఎక్కడ తప్పిందో చూడాలంటే 19వ శతాబ్దానికి రావాలి. 1842 మే 5 తెల్లవారుజామున రాజుకున్న మంటలు నాలుగు రోజులపాటు ఆరలేదు. పాత నగరంలో పెద్ద భాగం బూడిదైంది, 51 మంది చనిపోయారు, దాదాపు 20,000 మందికి గూడు లేకుండా పోయింది. మంటను ఆపడానికి పాత నగర పాలక భవనాన్ని మందుగుండుతో పేల్చివేశారు. అప్పుడే కట్టిన వర్తకుల బజారు కొత్త భవనం మాత్రం చుట్టూ అంతా కాలిపోయినా నిలిచింది. పునర్నిర్మాణంలో విలియం లిండ్లీ అనే ఆంగ్ల ఇంజనీరు వీధుల కింద ఇటుక మురుగు సొరంగాలు వేశాడు. ఐరోపా ఖండంలో అటువంటి ఆధునిక వ్యవస్థల్లో అది మొదటి వరుసలోనిది. ఎల్బె నీటిని తోడి ఇళ్లకు పంపే కొళాయి వ్యవస్థ కూడా అతడిదే. అయితే నీటిని వడపోసే ఏర్పాటు మాత్రం జరగలేదు. ఇసుక వడపోతకు ఎంతవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న వాదన పాలకమండలిలో ఏళ్లతరబడి సాగింది. అప్పటి శాసనసభలో పన్ను కట్టే పౌరులు ఎన్నుకునేది సగం స్థానాలకే. మిగతా సగంలో ఇళ్ల యజమానులు, పెద్దమనుషులు ప్రత్యేకంగా ఎంపికయ్యేవారు. ఇంటిపన్ను పెరగడం వారికి ఇష్టం లేదు.

1892 ఆగస్టులో కలరా వచ్చింది. ఆ వేసవి చాలా వేడిగా ఉంది, నదిలో నీరు తగ్గింది, సముద్రపు పోటు నగరపు మురుగును ఎగువకు, కొళాయిల నీటిని తోడే చోటు దాకా నెట్టింది. క్రిములు గొట్టాల ద్వారా ఇంటింటికీ చేరాయి. రోగం బయటపడిన తరువాత కూడా అధికారులు దానిని ప్రకటించడానికి రోజుల తరబడి తాత్సారం చేశారు. కలరా అని ఒక్క మాట బయటకు పొక్కితే ప్రపంచంలోని ప్రతి రేవూ హాంబర్గ్ ఓడలను ఆపేస్తుందన్న భయమే దానికి కారణం. కొన్ని వారాల్లో సుమారు 8,600 మంది చనిపోయారు. బెర్లిన్ నుంచి వచ్చిన సూక్ష్మజీవి శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ అక్కడి ఇరుకు సందుల్లోని ఇళ్లను చూసి, తాను ఐరోపాలో ఉన్నానన్న సంగతే మరచిపోయానని అన్నట్టు చెబుతారు.

ఈ విషాదంలోని అసలు పాఠం పక్క ఊరిలో ఉంది. ఆల్టోనా అనే పట్టణం అప్పట్లో ప్రష్యా రాజ్యంలోనిది. అయినా రెండు ఊళ్లూ ఒకటిగా కలిసిపోయి ఉండేవి, కొన్నిచోట్ల వీధికి ఒక వైపు హాంబర్గ్ అయితే మరో వైపు ఆల్టోనా. ఆల్టోనా తన నీటిని హాంబర్గ్‌కు దిగువన, అంటే హాంబర్గ్ మురుగంతా కలిసిన తరువాత, అదే నది నుంచి తోడుకునేది. కాని ఇసుకలో వడపోసి ఇచ్చేది. అక్కడ కలరా నామమాత్రంగానే తాకింది. వీధికి ఒక పక్క ఇళ్లలో శవాలు లేస్తుంటే ఎదుటి పక్క పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు. హాంబర్గ్ హద్దులోనే ఉండి ఆల్టోనా కొళాయి నీరు వాడుకునే ఒక ఇళ్ల సముదాయం కూడా బతికి బయటపడింది. చెడుగాలి వల్ల రోగం వస్తుందన్న పాత సిద్ధాంతానికి నీళ్లు వదలడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేకపోయింది. నిర్మాణంలో ఉన్న వడపోత కేంద్రం 1893లో హడావుడిగా పూర్తయింది. అది ఒక్క సంవత్సరం ముందు సిద్ధమై ఉంటే ఎందరు బతికేవారో! మరో మూడేళ్లకు, 1896 నవంబరులో, రేవు కూలీలు పదకొండు వారాల సమ్మె చేసి ఓడిపోయారు. ఆ సమ్మెలో దాదాపు 17,000 మంది పాల్గొన్నారు.

ఇదే కాలంలో నగరం తన పాత స్వేచ్ఛను జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్‌తో బేరమాడుకుంది. 1871లో జర్మన్ సామ్రాజ్యంలో చేరినా హాంబర్గ్ సుంకాల విషయంలో వేరుగానే ఉండిపోయింది. బిస్మార్క్ ఒత్తిడి మీద 1888 అక్టోబరులో నగరం దేశపు సుంకాల సరిహద్దులోకి వచ్చింది కాని, రేవులో కొంత భాగం 'స్వేచ్ఛా రేవు'గా మిగిలింది. ఆ భాగంలో దించిన సరుకును దేశంలోకి తీసుకువెళ్లేదాకా సుంకం కట్టనవసరం లేదు. అక్కడే నిలవ చేసుకోవచ్చు, కలపవచ్చు, వేయించవచ్చు, మరో దేశానికి అమ్మవచ్చు. దాని కోసమే కాలువల నడుమ ఓక్ దుంగల మీద ఎర్రటి ఇటుకతో 'ష్పైషర్‌స్టాట్', అంటే గోదాముల నగరం, లేచింది. కాఫీ, టీ, కోకో, పొగాకు, సుగంధద్రవ్యాలు, తరువాతి కాలంలో ఇరాన్ తివాచీలు ఇక్కడ పేరుకున్నాయి. ఆ గోదాములకు చోటు చేయడానికి దాదాపు 20,000 మంది నివాసులను ఖాళీ చేయించారన్న సంగతిని ఇప్పుడు పడవల్లో తిరిగే పర్యాటకులు సాధారణంగా గమనించరు. 2013 జనవరి 1న స్వేచ్ఛా రేవు రద్దయింది. 2015లో ఆ గోదాములు, పక్కనున్న కార్యాలయాల వాడతో సహా, యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఆ వాడలో ఓడ ముందుభాగంలా మొనదేలి నిలబడ్డ చిలీహౌస్ భవనాన్ని, చిలీ దేశపు సురేకారం వ్యాపారంలో గడించిన డబ్బుతో 1920లలో కట్టారు.

సరుకు లోపలికి వచ్చేది, మనుషులు బయటికి వెళ్లేవారు. 1850 నుంచి 1930ల దాకా సుమారు 50 లక్షల మంది ఐరోపా పేదలు, వారిలో రష్యా హింసాకాండ నుంచి పారిపోయి వచ్చిన యూదులు ఎందరో, ఈ రేవు నుంచే అమెరికాకు ఓడ ఎక్కారు. 1847లో ఏర్పడిన హపాగ్ సంస్థను ఆల్బర్ట్ బాల్లిన్ ప్రపంచంలోనే అతిపెద్ద ఓడల సంస్థగా పెంచింది ఈ వలసల మీదనే. యూదు కుటుంబంలో పుట్టిన ఆ మనిషి, సామ్రాజ్యం కూలిన రోజున, 1918 నవంబరు 9న, మందు ఎక్కువగా మింగి చనిపోయాడు. ఈ రేవు నుంచి వెళ్లినవాటిలో గర్వపడలేనివీ ఉన్నాయి. నేటి నమీబియాలో హెరేరో, నామా ప్రజల మీద జాతిహత్య జరిపిన సైనికులు 1904 నుంచి ఈ రేవులోనే, హాంబర్గ్‌కు చెందిన వోర్మాన్ సంస్థ ఓడల్లో బయలుదేరారు.

నాజీల పాలనలో 1937 నాటి చట్టం ఆల్టోనాను, చుట్టుపక్కల పట్టణాలను హాంబర్గ్‌లో కలిపింది. ఇప్పటి నగర స్వరూపం అప్పటిదే. నగరపు ఆగ్నేయపు అంచున నాయెన్‌గామె నిర్బంధ శిబిరం ఉండేది. దానిలోనూ దాని అనుబంధ శిబిరాలలోనూ కలిపి లక్షకు పైగా ఖైదీలు మగ్గారు, 40,000 మందికి పైగా చనిపోయారు. 1943 జూలై చివర బ్రిటిష్, అమెరికన్ విమానదళాలు 'గొమొర్రా' పేరుతో జరిపిన దాడుల్లో, ముఖ్యంగా జూలై 27 రాత్రి కార్మికుల వాడల్లో లేచిన అగ్నితుపానులో, 34,000 మందికి పైగా మరణించారు. సుమారు 9 లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. కాలిపోయిన సెయింట్ నికోలాయ్ చర్చి గోపురాన్ని మరమ్మతు చేయకుండా స్మారకంగా అలాగే ఉంచారు.

అంతకు పది నెలల ముందు ఈ నగరంలో జరిగిన ఒక చిన్న సభ మనకు సంబంధించినది. 1942 సెప్టెంబరు 11న ఆల్స్టర్ సరస్సు ఒడ్డునున్న అట్లాంటిక్ హోటలులో, సుభాష్ చంద్రబోస్ సమక్షంలో, జర్మన్-భారత సంఘం ప్రారంభమైంది. ఆ సభలో జర్మన్ వాద్యబృందం 'జనగణమన'ను వాయించింది. ఆ గీతాన్ని జాతీయగీతంగా వాయించడం అదే మొదటిసారి అంటారు. అప్పట్లో జర్మనీలో బోస్‌కు కుడిభుజంగా ఉన్న అబిద్ హసన్ మన హైదరాబాదు వాడే, 'జైహింద్' నినాదాన్ని రూపొందించింది ఆయనేనని ప్రసిద్ధి. ఆ పాటకు అంతకు ముందే 1919లో మదనపల్లెలో, ఠాగూర్ బస చేసిన రోజుల్లో, మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాశారు. మదనపల్లె నుంచి హాంబర్గ్ దాకా సాగిన ఈ ప్రయాణాన్ని తలుచుకుని సంతోషించవచ్చు గాని, ఆ వాద్యం మోగిన ఊరి శివారులోనే అప్పుడు నాయెన్‌గామె ఉన్నదన్న సంగతిని పక్కన పెట్టి సంతోషించలేము.

యుద్ధానంతరం హాంబర్గ్‌కు తగిలిన దెబ్బ భౌగోళికమైనది. జర్మనీ రెండుగా చీలడంతో సరిహద్దు కంచె నగరానికి తూర్పున 50 కిలోమీటర్ల దూరంలోనే వెలిసింది. ఏడు వందల ఏళ్లుగా ఏ ఎగువ ప్రాంతాన్ని నమ్ముకుని ఈ రేవు బతికిందో అది తెగిపోయింది. ఆ లోటును కొంత పత్రికలు పూడ్చాయి. బ్రిటిష్ వారి అధీనంలోని ఈ నగరంలో 'ది త్సైట్', 'ష్టెర్న్', హనోవర్ నుంచి తరలివచ్చిన 'డేర్ ష్పీగెల్' స్థిరపడ్డాయి. 1962 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రపు తుపాను నదిని ఎగదన్ని కరకట్టలను తెంచినప్పుడు నగరంలో 315 మంది మునిగిపోయారు. రాజ్యాంగం అనుమతించదన్న సంకోచాన్ని పక్కన పెట్టి సైన్యాన్ని రప్పించిన నగర పోలీసు శాఖ సెనేటర్ హెల్ముట్ ష్మిట్ దేశమంతటా పరిచితుడైంది అప్పుడే. అదే సంవత్సరం 'ష్పీగెల్' కార్యాలయం మీద పోలీసులు దాడి చేశారు, సంపాదకుడిని జైల్లో పెట్టారు. అదే సంవత్సరం స్టార్ క్లబ్బులో బీటిల్స్ పాడుతున్నారు. 1960 నుంచి వారు పాడిన క్లబ్బుల్లో మూడు 'గ్రోసె ఫ్రైహైట్' అనే వీధిలో ఉన్నాయి. ఆ పేరుకు 'పెద్ద స్వేచ్ఛ' అని అర్థం. కుర్రకారు విచ్చలవిడితనం చూసి పెట్టిన పేరనుకుంటారు గాని, 17వ శతాబ్దపు ఆరంభంలో ఆల్టోనా పాలకుడు అక్కడ లూథరన్లు కానివారికి పూజాస్వేచ్ఛను, వృత్తిసంఘాల్లో లేనివారికి పనిచేసుకునే స్వేచ్ఛను ఇచ్చినందుకు వచ్చిన పేరది.

1968లో ఇక్కడ తొలి కంటైనర్ ఓడ ఆగింది. బస్తాలు మోసే కూలీల పని, వాటితో పాటు ఇటుక గోదాముల పని, కొద్ది దశాబ్దాల్లో ముగిసిపోయింది. 1990లో జర్మనీ ఏకమయ్యాక తెగిన ఎగువ ప్రాంతం తిరిగి కలిసి, చైనా సరుకు తోడై, 2007లో ఈ రేవు దాదాపు 99 లక్షల ప్రామాణిక కంటైనర్లను దాటించింది. ఆ శిఖరాన్ని మళ్లీ అందుకోలేదు. 2023, 2024 సంవత్సరాల్లో ఆ లెక్క 80 లక్షలకు లోపే ఉండగా, సముద్రముఖాన ఉన్న రాటర్‌డామ్ కోటీ ముప్ఫై లక్షలు దాటింది. నగరం రేవు ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. నదికి ఆవలి ఒడ్డున ఫింకెన్‌వెర్డర్‌లో ఎయిర్‌బస్ విమానాలు తయారవుతాయి, నీవియా క్రీము పుట్టింది ఇక్కడే, ఐరోపాలోని పెద్ద రాగిశుద్ధి కర్మాగారాల్లో ఒకటి రేవులోనే ఉంది. పాత కోకో గోదాము నెత్తిన గాజు అల కట్టినట్టుండే ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ సంగీతశాల 2017 జనవరిలో తెరుచుకుంది. మొదట నగర ఖజానాపై 7.7 కోట్ల యూరోల భారమే పడుతుందని చెప్పిన ఆ భవనానికి చివరకు 78.9 కోట్లయింది. వడపోతకు బేరమాడిన వర్తకుల వారసులు సంగీతానికి పదింతలు చెల్లించారన్నమాట. అయితే 2015లో ఒలింపిక్స్ కోసం ప్రయత్నించాలా అని అడిగితే ఇదే జనం వద్దని ఓటు వేశారు.

ఇప్పుడు అసలు చిక్కు నది లోతు. ఓడలు పెరిగినకొద్దీ ఎల్బెను తవ్వుతూ వచ్చారు. న్యాయస్థానాల్లో ఏళ్లపాటు నలిగిన తొమ్మిదవ తవ్వకం 2020ల మొదట్లో పూర్తయింది. కాని నదిని ఎంత లోతు చేస్తే పోటు అంత బలంగా ఎగదన్నుతుంది. 1900 ప్రాంతంలో హాంబర్గ్ వద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా 2 మీటర్లు ఉండగా ఇప్పుడు మూడున్నర మీటర్లు దాటింది. పోటు వేగంగా వచ్చి బురదను మోసుకొస్తుంది, పాటు నెమ్మదిగా పోతూ దానిని అక్కడే వదిలేస్తుంది. అంటే తవ్విన కాలువను తవ్వకమే పూడుస్తోంది. తోడిన బురదను ఎక్కడ పోయాలన్న దానిపై పొరుగు రాష్ట్రాలతో తగవు వేరే. లోతైన సముద్రపు అంచున విల్‌హెల్మ్స్‌హావెన్‌లో 2012లో కొత్త కంటైనర్ రేవు తెరిచినప్పుడు హాంబర్గ్ అందులో వాటా తీసుకోలేదు. సరుకును ఊళ్లోకే రప్పించుకోవాలన్న పాత పట్టుదల అది.

సముద్రముఖానికి వెళ్లే ఆలోచన హాంబర్గ్‌కు రాకపోలేదు. ఎల్బె సముద్రంలో కలిసే చోట నాయ్‌వెర్క్ అనే చిన్న దీవి ఉంది. ఓడల దారిని దొంగల నుంచి కాపాడడానికి హాంబర్గ్ వర్తకులు 1310 ప్రాంతంలో అక్కడ ఇటుక బురుజు కట్టారు. 1937లో ప్రష్యాకు పోయిన ఆ దీవిని, అక్కడ లోతైన రేవు కట్టాలన్న పథకంతో 1969లో తిరిగి పొందారు. పథకం కాగితం మీదే ఆగిపోయింది. 1990 నుంచి ఆ చుట్టుపక్కల బురద మైదానాలు జాతీయ ఉద్యానవనంగా పక్షులకు, సీల్ జంతువులకు దక్కాయి. నగరపు మంటలకు, బాంబులకు అందనంత దూరాన ఉన్నందువల్ల ఆ బురుజు నేటికీ చెక్కుచెదరలేదు. హాంబర్గ్‌లోకెల్లా పాత కట్టడం ఏదని అడిగితే చూపించేది దానినే. అయితే అది చూడాలంటే ఊరు దాటి వంద కిలోమీటర్లు పోయి, పాటు సమయంలో బురద మీదుగా గుర్రపు బండిలోనో, కాలినడకనో, లేదా పోటు సమయంలో పడవలోనో వెళ్లాలి.